తలలు లెక్కపెడితే సరిపోతుందా?

పర్యావరణం మాట ఎత్తగానే మన ఆఫీసుల్లో ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. "అసలు సమస్యంతా జనాభానేనండీ, అది తగ్గితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి" అని. చెప్పేవాళ్ళకి సాధారణంగా ఒకరో ఇద్దరో పిల్లలు. అంటే తప్పు ఎప్పుడూ ఇంకెవరిదో అన్నమాట.

పైపైన చూస్తే లెక్క వాళ్ళవైపే ఉంది. 1974లో ప్రపంచ జనాభా 400 కోట్లు. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2022 నవంబరులో 800 కోట్లు అయింది. అదే కాలంలో బొగ్గు, పెట్రోలు, గ్యాసు తగలబెట్టి గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడు ఏడాదికి సుమారు 1700 కోట్ల టన్నుల నుంచి 3700 కోట్ల టన్నులకి చేరింది. జనం రెట్టింపు, పొగ రెట్టింపు కంటే కాస్త ఎక్కువ. ఇంకేం, కేసు క్లోజ్!

కానీ సగటులు ఎంత మోసం చేస్తాయో మనకి తెలియంది కాదు. సర్వర్లన్నిటి సగటు లోడు బ్రహ్మాండంగా ఉంటుంది, ఒకటి మాత్రం చావుబతుకుల్లో ఉంటుంది. ఇక్కడా అంతే. 1990 నుంచి 2022 దాకా చైనా జనాభా పెరిగింది సుమారు పాతిక శాతం. పొగ నాలుగు రెట్లు దాటింది. (అందులో కొంత మన ఫోన్లకీ, బొమ్మలకీ అక్కడి ఫ్యాక్టరీల్లో పుట్టిందే లెండి.) నైజీరియాలో 22 కోట్ల పైనే జనం, తలకి ఏడాదికి ఒక టన్ను కూడా లేదు. అమెరికాలో సుమారు 34 కోట్లు, తలకి 14 టన్నుల దాకా. జనం ఒకటిన్నర రెట్లే, పొగ ముప్పై రెట్ల పైన.

ఇంకో ఉదాహరణ, మనకి బాగా దగ్గరది. మన దేశంలో తలసరి సుమారు 2 టన్నులు. హైదరాబాదు నుంచి డాలస్ కి ఓ కుటుంబం మారితే ప్రపంచ జనాభాలో ఒక్క అంకె కూడా మారదు. మరి వాళ్ళ వాడకం? ఐటీ కుటుంబం కాబట్టి ఇక్కడా సగటు కంటే ఎక్కువే వాడుతూ ఉండొచ్చు, అయినా అక్కడికెళ్ళాక ఎటు పోతుందో మీకే తెలుసు.

1968లో "ది పాపులేషన్ బాంబ్" రాసిన పాల్ ఎర్లిక్ కూడా 1970ల మొదట్లో జాన్ హోల్డ్రెన్ తో కలిసి గుణకారమే చెప్పాడు: జనం, ఒక్కొక్కరి వాడకం, ఆ వాడకం వెనకున్న టెక్నాలజీ. మనవాళ్ళు మొదటి అంకె పట్టుకుని మిగతా రెండూ వదిలేశారు.

జనాభా అసలు లెక్కలోకే రాదని నేననట్లేదు. వంటచెరుకు కోసమో, పొలం కోసమో అడవి కొట్టుకోవాల్సిన చోట ప్రతి తలా లెక్కే. అక్కడ ఆడపిల్లల చదువు చేసే మేలు ఇంకేదీ చెయ్యదని నా అభిప్రాయం. కానీ ఆ వాదన తెచ్చి మన ఇంట్లో అతికిస్తే అతకదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. అంటే మొదటి అంకె మన దగ్గర ఎప్పుడో సర్దుకుంది. మరి అన్నీ వాటంతటవే సర్దుకున్నాయా? హైదరాబాదుకి కృష్ణ నీళ్ళూ, గోదావరి నీళ్ళూ వంద కిలోమీటర్ల పైనుంచి కరెంటు పెట్టి తోడుకుంటూనే ఉన్నాం కదా.

ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీకి పోటీ చెయ్యకూడదని 1994లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేశారు. పిల్లలు చాలట్లేదని 2024లో ఆంధ్రలో దాన్ని ఎత్తేశారు. రెండుసార్లూ లెక్కపెట్టింది తలలనే. ఇంటికి ఎన్ని కార్లు, ఎన్ని ఏసీలు, ఏడాదికి ఎన్ని విమానం టిక్కెట్లు అని ఎవరూ అడగలేదు. అడిగితే ముందు ఇరుక్కునేది మనమే, నాతో సహా.