ఒకే బాట, నాలుగు గెలుపులు

కార్ల పందెం మీద హాస్టలు సంచికలో వ్యాసమా అని మీరు ఆశ్చర్యపోవచ్చు. మా ఆరుగురి ఇళ్లలో ఎవరికీ కారు లేదు. మేము తిరిగినవన్నీ ఆర్టీసీ బస్సులు, షేర్ ఆటోలు. అయినా వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు మాకు మొదట గుర్తొచ్చింది 2020 సెప్టెంబరులో ఫ్రాన్సు దేశంలో జరిగిన ఒక కార్ల పందెమే. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ముందుగా 'మేము' అంటే ఎవరో చెప్పాలి. కలం పట్టింది ఒక్కరే అయినా ఇందులోని ఆలోచన, హాస్టల్లో ఒకే గదిలో రెండేళ్లు ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని బతికిన మిత్రులది. 2020 మార్చిలో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షల హడావుడిలో ఉండగానే కరోనా వచ్చింది. హాస్టలు ఖాళీ చేయమన్నారు. పెట్టె, పళ్లెం, దుప్పటి సర్దుకుని ఎవరి ఊరికి వాళ్లం వెళ్లిపోయాం. పది పదిహేను రోజుల్లో మళ్లీ కలుస్తాం కదా అనుకున్నాం. ఆరుగురం వెళ్లాం. మళ్లీ చదువుకు వచ్చింది నలుగురమే.

రాని ఇద్దరిలో ఒకడు పోయిన సంక్రాంతికి కలిశాడు. ఇప్పుడు తాపీ పనికి వెళ్తున్నాడు. మాలో ఒకరు పీజీ చేస్తున్నారని తెలిసి సంతోషించాడు. కాసేపు ఆగి, "మీరు గెలిచార్రా, మేం ఓడిపోయాం" అన్నాడు. ఆ మాటకు ఆ రోజు మా దగ్గర జవాబు లేకపోయింది. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

లాక్‌డౌన్ రోజుల్లో మాలో ఒకడి దగ్గర మాత్రమే స్మార్ట్ ఫోను ఉండేది. దగ్గరి ఊళ్లవాళ్లం సాయంత్రాలు చెరువు గట్టు మీద చేరేవాళ్లం. ఆ ఫోన్లో 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' అనే ఇంగ్లీషు సినిమా చూశాం. మాటలు సగం అర్థం కాలేదు గానీ పందెం అర్థమైంది. అది లె మాన్ అనే ఊళ్లో 1966లో జరిగిన పందెం కథ. ఆ పందెం ఇప్పటికీ జరుగుతోందా అని వెతికితే, ఆ సంవత్సరం దాన్నీ కరోనా కదిలించిందని తెలిసింది.

లె మాన్ పందెం 1923లో మొదలైంది. ఇరవై నాలుగు గంటలు ఆగకుండా సాగుతుంది. ఒక్కో కారుకు ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. చుట్టు పొడవు 13.626 కిలోమీటర్లు. అందులో కొంత భాగం మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే. ఏటా జూన్‌లో జరిగే ఈ పందెాన్ని 2020లో సెప్టెంబరు 19, 20 తేదీలకు మార్చారు. అంతకు ముందు ఇలా సెప్టెంబరుకు వెళ్లింది 1968లో. అప్పుడు కారణం రోగం కాదు, ఫ్రాన్సులో విద్యార్థులు, కార్మికులు చేసిన ఆందోళన. ఈ సంగతి తెలిసినప్పుడు ఆ పందెం మీద మాకు అభిమానం ఇంకొంచెం పెరిగింది.

2019లో రెండున్నర లక్షల మంది చూసిన పందెం అది. 2020లో గ్యాలరీల్లో ప్రేక్షకులు లేరు. పందేనికి ముందు విడిగా జరిగే పరీక్షా దినం లేదు. పైగా సెప్టెంబరు మూడో వారమంటే పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే కాలం. జూన్‌తో పోలిస్తే చీకట్లో నడపాల్సిన గంటలు బాగా పెరిగాయి. చప్పట్లు కొట్టేవాళ్లు లేరు, రాత్రి మాత్రం పొడుగు. ఆ ఏడాది మన చదువులు కూడా ఇలాగే సాగాయి కదా!

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ రోజు 59 కార్లు బయలుదేరాయి. అవన్నీ ఒకే రకం కార్లు కావు. నాలుగు తరగతులు. అన్నింటికన్నా వేగమైనవి ఎల్‌ఎమ్‌పీ1, అవి 5. తర్వాత ఎల్‌ఎమ్‌పీ2, అవి 24. రోడ్డు మీద తిరిగే కార్ల రూపంలో ఉండే జీటీ కార్లలో పూర్తి వృత్తి డ్రైవర్లవి 8, ఔత్సాహిక డ్రైవర్లు కలిసి నడిపేవి 22. ఏ కారు ఏ తరగతిదో తెలిసేలా నెంబరు పలక రంగు ఉంటుంది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నారింజ. వేగమైన కారుకూ జీటీ కారుకూ ఒక్క చుట్టులోనే అర నిమిషం పైగా తేడా. అయినా అందరూ అదే బాట మీద, అదే చీకట్లో, అదే ఇరవై నాలుగు గంటలు నడపాలి. వెనక నుంచి వచ్చే వేగమైన కారు జాగ్రత్తగా దాటుకుని పోవాలి. ముందున్న నెమ్మది కారు బెదిరిపోయి అటూ ఇటూ జరగకుండా తన దారిలో తాను నిలకడగా పోవాలి.

ఆ పందెంలో మొత్తం మీద మొదట వచ్చింది 8వ నెంబరు టయోటా. బుయెమి, నకజిమా, హార్ట్‌లీ కలిసి 387 చుట్లు తిప్పారు. అంటే 5,200 కిలోమీటర్లకు పైనే. ఎల్‌ఎమ్‌పీ2లో యునైటెడ్ ఆటోస్పోర్ట్స్ వాళ్ల 22వ నెంబరు గెలిచింది. ఇరవై నాలుగు గంటలు నడిపాక రెండో కారుకూ దానికీ తేడా అర నిమిషమే. జీటీ తరగతులు రెండింటిలోనూ ఆస్టన్ మార్టిన్ కార్లు గెలిచాయి. వృత్తి డ్రైవర్లలో 97వ నెంబరు, ఔత్సాహికుల్లో టీఎఫ్ స్పోర్ట్ వాళ్ల 90వ నెంబరు. ఒక్క పందెం, నాలుగు గెలుపులు. టయోటా కన్నా ఎన్నో చుట్లు తక్కువ తిరిగినా 90వ నెంబరు వాళ్ల కప్పు కప్పే. అది జాలితో ఇచ్చింది కాదు. తమలాంటి కార్లతో, తమలాంటి జట్లతో పోటీపడి గెలుచుకున్నది.

అందరూ ఆడవాళ్లే ఉన్న జట్లు కూడా ఆ పందెంలో రెండు ఉన్నాయి. ఒకటి ఎల్‌ఎమ్‌పీ2లో, ఒకటి జీటీ ఔత్సాహికుల తరగతిలో. రెండూ చివరిదాకా నడిచాయి. బాలికల హాస్టలు చెల్లెళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది మరో నియమం. అక్కడ డ్రైవర్లను ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు మెట్లుగా విభజిస్తారు. ఔత్సాహికుల తరగతి కారులో ఒక బ్రాంజ్ డ్రైవరు తప్పనిసరిగా ఉండాలి. పేరుకు పెట్టుకుని పక్కన కూర్చోబెడితే చెల్లదు. అతను నిర్ణీత సేపు స్వయంగా నడపాల్సిందే. అంతేకాదు, జీటీ కార్ల మధ్య పోటీ సమంగా ఉండటానికి ఏ కారు ఎంత బరువుండాలి, ఇంజనుకు ఎంత బలం ఇవ్వాలి అన్నది నిర్వాహకులే సరిచేస్తారు. జీటీ పాత తరగతులు 2023తో ముగిసి కొత్త తరగతి వచ్చాక కూడా బ్రాంజ్ డ్రైవరు నియమాన్ని వాళ్లు వదులుకోలేదు.

ఇక్కడ మేము ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ బ్రాంజ్ డ్రైవర్లు పేదవాళ్లు కారు. చాలామంది వ్యాపారాలున్నవాళ్లు, సొంత డబ్బు పెట్టి పందెంలోకి వచ్చేవాళ్లు. వాళ్లకూ మనకూ పోలిక ఎక్కడ అని ఎవరైనా అడిగితే, పోలిక లేదనే చెబుతాం. కానీ మా ప్రశ్న అక్కడే ఉంది. డబ్బున్నవాళ్ల ఆటలో, ఎవరు ఎక్కడి నుంచి బయలుదేరారో చూసి నియమాలు రాస్తే దాన్ని అందరూ న్యాయం అంటారు. ఔత్సాహికుడికి చోటిచ్చారు కాబట్టి పందెం ప్రమాణం పడిపోయిందని ఎవరూ గోల చేయరు. మరి తండ్రి వేలిముద్ర వేసే ఇంటి నుంచి, పొద్దున బావి దగ్గర నీళ్లు తోడి బడికి వచ్చిన పిల్లకు ఒక సీటు ఇస్తే మాత్రం ప్రతిభకు అన్యాయం జరిగిందంటారెందుకు? మా పీజీ తరగతిలో ఒకరు నవ్వుతూనే "మీకేమండీ, మీది వేరే లెక్క" అన్నారు. అవును, మాది వేరే లెక్కే. లె మాన్‌లో ఆ లెక్కను నెంబరు పలక మీద రంగు వేసి అందరికీ కనబడేలా పెడతారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇంకో విషయం. 2020లో కరోనా అందరి మీదా ఒకేలా పడలేదు. అమెరికా నుంచి రావాల్సిన కార్వెట్ జట్టు ఆ ఏడాది రాలేదు. 2000 నుంచి ఏటా వస్తున్న జట్టు అది. పోర్షే వాళ్ల అమెరికా జట్టు కార్లు రెండూ రాలేదు. అంతకు ముందు ఏడాది 17 కార్లున్న జీటీ వృత్తి తరగతి 8 కార్లకు పడిపోయింది. కానీ కార్వెట్ ఓడిపోయిందని ఎవరూ రాయలేదు. రాలేకపోయింది అన్నారు. రాలేకపోవడం వేరు, ఓడిపోవడం వేరు. మా మిత్రుడు ఆన్‌లైన్ క్లాసుకు రాలేకపోయాడు. ఇంట్లో ఫోను లేదు. తండ్రికి పని లేదు. చెల్లెలి చదువు ఆగకూడదని తను తట్ట ఎత్తుకున్నాడు. వాణ్ణి 'డ్రాపౌట్' అనే పట్టికలో రాశారు. వాడు కూడా ఆ మాటనే నమ్మి, ఓడిపోయానంటున్నాడు.

చివరగా 7వ నెంబరు టయోటా కథ చెప్పాలి. కాన్వే, కొబయాషి, లోపెజ్ నడిపిన కారు అది. 2019లో చివరి గంటలో ముందంజలో ఉండగా టైరు దెబ్బతిని గెలుపు పోగొట్టుకున్నది వాళ్లే. 2020లో అందరికన్నా ముందు నుంచి బయలుదేరారు. రాత్రిపూట ముందంజలో ఉండగా టర్బో దగ్గర లోపం వచ్చింది. సుమారు అరగంట గ్యారేజీలోనే ఉండిపోయారు. పక్క కారు ముందుకు పోయింది. కానీ వాళ్ల కారును మరమ్మతు చేసి మళ్లీ బాట మీదికి తోశారు. ఆ రోజు మూడో స్థానం దక్కింది. అదే నవంబరులో బహ్రెయిన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది ఆ ముగ్గురే. 2021లో కరోనా వల్లనే ఆగస్టుకు మారిన లె మాన్‌ను గెలిచింది కూడా ఆ ముగ్గురే.

గ్యారేజీలో ఆగిన కారు పందెం నుంచి తప్పుకున్నట్టు కాదు. మా మిత్రుడికి మేము చెప్పవలసిన జవాబు ఇదే. అయితే ఆ జవాబు చెప్పే ముందు మమ్మల్ని మేము ఒక మాట అడగాలి. ఆ కారు ఆగినప్పుడు మెకానిక్కులు పరుగెత్తుకొచ్చారు, పనిముట్లు సిద్ధంగా ఉన్నాయి. మా ఇద్దరు మిత్రులు ఆగిపోయినప్పుడు ఎవరు పరుగెత్తారు? ప్రభుత్వం సంగతి తర్వాత, మేము పరుగెత్తామా? డిగ్రీ అడ్మిషను, స్కాలర్‌షిప్పు కాగితాలు, మా గోల మాది. "వాడు పనిలోకి వెళ్లాడంట" అనుకుని ఊరుకున్నాం. ఈ తప్పు మాది. ఇంకెవరి మీదా వేయం.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు, ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా విన్నపం ఒకటే. వార్షికోత్సవం రోజున పాటలు, నాటికలు, బహుమతులు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు వార్డెన్ గారిని అడిగి 2019-20 నాటి అడ్మిషన్ రిజిస్టరు తీయిద్దాం. ఎవరు వెళ్లారు, ఎవరు తిరిగి రాలేదు, ఇప్పుడు ఎక్కడున్నారు అని పేరు పేరునా రాసుకుందాం. ఒక్కొక్క పేరుకు మనలో ఒకరు పూచీ తీసుకుందాం. పది ఆగిపోయినవాళ్లకు, ఇంటర్ ఆగిపోయినవాళ్లకు ఓపెన్ స్కూలు ఉంది. డిగ్రీ చేయాలనుకున్నవాళ్లకు సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. పని మానకుండానే చదవవచ్చు. కావలసింది దరఖాస్తు నింపేవాళ్లు, ఫీజు గడువు గుర్తుచేసేవాళ్లు, పాత పుస్తకాలు పంపేవాళ్లు, పరీక్షకు ముందు రోజు ఫోన్ చేసి "వెళ్తున్నావు కదరా" అని అడిగేవాళ్లు. మేము నలుగురం మా ఇద్దరి బాధ్యత తీసుకున్నాం. ఫీజుకు నెలకు తలా రెండు వందలు పక్కన పెడుతున్నాం. తాపీ పనికి వెళ్తున్నవాడు ఇంకా ఒప్పుకోలేదు. "ఇప్పుడేం చదువురా" అంటున్నాడు. అడుగుతూనే ఉంటాం.

గెలుపంటే మా దృష్టిలో టయోటాది మాత్రమే కాదు. ఏ ఇంటి నుంచి ఎవరు బయలుదేరారు, ఎంత చీకట్లో నడిపారు, ఆగాక మళ్లీ బాట మీదికి వచ్చారా లేదా అన్నది చూడాలి. ఇంటిపేరున మొదటి డిగ్రీ తెచ్చుకున్న అమ్మాయిదీ గెలుపే. ఆరేళ్ల తర్వాత మళ్లీ పుస్తకం తీసిన తాపీ మేస్త్రీదీ గెలుపే. ఆ రెండో గెలుపు ఇంకా రాలేదు. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ వార్త రాయాలని మా కోరిక. అప్పుడు మేము నలుగురం కాక, ఆరుగురం కలిసి రాస్తాం.