ఇమ్యూనిటీకి మార్కులు వేసే మహానుభావులకి...

మా అక్కకి లూపస్. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్కలో చెప్తాను. ఒంట్లో ఉన్న రక్షణ వ్యవస్థే పొరబాటున సొంత అవయవాల మీద పడి దాడి చేసే జబ్బు అది. అందుకే డాక్టరు గారు తనకి ఇచ్చేవి ఇమ్యూనిటీని తగ్గించే మందులు.

పోయిన సంక్రాంతికి మా పిన్ని ఆ మందుల చీటీ సంగతి విని బుగ్గలు నొక్కుకుంది. "ఇదేం చోద్యమే తల్లీ! లోకమంతా ఇమ్యూనిటీ పెంచుకుంటుంటే నువ్వు తగ్గించుకుంటావా?" అంటూ ఒక చూర్ణం డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. దాని మీద పెద్ద అక్షరాలతో 'ఇమ్యూనిటీ బూస్టర్' అని ఉంది. అక్క మాత్రలు ఆపేసి ఆరు వారాలు ఆ చూర్ణం తిన్నది. కాళ్ళు వాచాయి, వ్యవహారం కిడ్నీల దాకా వెళ్ళింది, పది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇప్పుడు పర్లేదు లెండి.

పిన్ని మీద నాకు కోపం లేదు. ప్రేమకొద్దీ చేసింది. నా కోపమంతా ఈ కథ విన్నాక లంచ్ టేబుల్ దగ్గర మా టీములో ఒకాయన చేసిన వ్యాఖ్యానం మీద. "అయినా ఇమ్యూనిటీ పెంచుకోవడంలో లాజిక్ ఉంది బాస్. ఎవల్యూషన్ చెప్పేదీ అదే కదా. ఇమ్యూనిటీ ఎక్కువున్నవాడు బతుకుతాడు, తక్కువున్నవాడు పోతాడు" అన్నాడు. ఇంజనీరింగ్ చదివిన మనిషి, రోజూ ప్రొడక్షన్ సర్వర్లు చూసుకునే మనిషి!

సరే, ఎవల్యూషన్ పేరెత్తాడు కాబట్టి అక్కడికే వెళ్దాం.

కెనడా పడమటి తీరంలో వాంకూవర్ ద్వీపం ఉంది. అక్కడి సరస్సుల్లో స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేప ఉంటుంది. వేలెడంత ఉంటుంది, వీపు మీద మూడు ముళ్ళు. నిజానికి ఇది సముద్రపు చేప. సుమారు 12,000 ఏళ్ళ కిందట మంచుయుగం ముగిసి మంచు కరిగినప్పుడు, ఇవి కొన్ని మంచినీటి సరస్సుల్లోకి చేరి అక్కడే స్థిరపడిపోయాయి. మనవాళ్ళు ఆన్‌సైట్ వెళ్ళి అక్కడే ఉండిపోయినట్టన్నమాట.

కొత్త చోట కొత్త శత్రువు ఎదురైంది, ఒక బద్దె పురుగు. దాని గుడ్లు ఉప్పునీళ్ళలో సరిగ్గా పొదగవు కాబట్టి సముద్రంలో ఉన్నప్పుడు వీటికి దాని బెడద పెద్దగా లేదు. మంచినీళ్ళలో మాత్రం కథ వేరు. పక్షి రెట్టతో గుడ్లు నీళ్ళలో పడతాయి. పిల్ల పురుగుని కోపిపాడ్ అనే నలకంత జీవి తింటుంది, దాన్ని చేప తింటుంది. ఇక పురుగు చేప పొట్టలో తిష్ఠ వేసి, ఒక్కోసారి చేప బరువులో మూడో వంతు దాకా పెరుగుతుంది. ఆ చేపని పక్షి తింటే పురుగు పని పూర్తయినట్టే, మళ్ళీ గుడ్లు పెడుతుంది.

ఇప్పుడు మా టీమ్ మేధావి లెక్క ప్రకారం ఏం జరగాలి? ప్రతి సరస్సులోనూ పురుగుని చంపగల చేపలే మిగలాలి. జరిగింది అది కాదు.

రోజెల్ అనే సరస్సులో చేపలు పురుగుతో గట్టిగా పోరాడతాయి. పురుగు లోపలికి రాగానే పొట్టలో పీచులాంటి కణజాలం అల్లుకుపోతుంది. దాంతో పురుగు ఎదగదు, కొన్నిసార్లు అందులోనే చిక్కి చస్తుంది. శభాష్ అంటారా? ఆగండి. ఆ పీచు పురుగు దగ్గరే ఆగదు. చేప సొంత అవయవాల్నే ఒకదానికొకటి, పొట్ట గోడకి అతికించేస్తుంది. పురుగు పోయాక కూడా చాన్నాళ్ళు అలాగే ఉండిపోతుంది. ఆ చేపకి పిల్లల్ని కనే శక్తి బాగా దెబ్బతింటుంది. పరిణామం లెక్కలో పిల్లలే జీతం, మిగతావన్నీ అలవెన్సులు!

అదే ద్వీపంలో గాస్లింగ్ అనే ఇంకో సరస్సు ఉంది. అక్కడ పురుగులు బోలెడు. చేపలు మాత్రం ఆ పీచు పోరాటం దాదాపు చెయ్యవు. పురుగుని మోస్తూనే తమ సంసారం తాము చేసుకుంటాయి. జెస్సీ వెబర్, డేనియల్ బోల్నిక్ తదితరులు ఈ రెండు రకాల చేపల్ని సంకరం చేసి, జన్యువులు చదివి, 2022లో సైన్స్ పత్రికలో ఫలితాలు వేశారు. సముద్రపు చేపల్లో లేని ఈ ప్రతిఘటన మంచినీళ్ళలోకి వచ్చాక పుట్టింది. తర్వాత కొన్ని చోట్ల దాన్ని వదులుకోవడమే లాభమైంది. ప్రకృతి ఒకచోట పోరాటాన్ని ఎంచుకుంది, ఇంకోచోట సహనాన్ని ఎంచుకుంది. 'తక్కువ ఇమ్యూనిటీ' వాళ్ళు పోలేదండీ, సరస్సంతా వాళ్ళదే.

ఇంకొకటి. జర్మనీలో ఇదే జాతి చేపల మీద చేసిన ప్రయోగం 2003లో వచ్చింది. శత్రువు తాలూకు ముక్కల్ని పట్టుకుని రక్షణ కణాలకి చూపించే జన్యువులుంటాయి, ఎమ్‌హెచ్‌సీ అంటారు. ఎక్కువ రకాలుంటే ఎక్కువ శత్రువుల్ని గుర్తుపట్టొచ్చు కాబట్టి, ఎన్ని ఉంటే అంత మంచిదే అనుకుంటాం కదా? చేపలకి మూడు రకాల పరాన్నజీవుల్ని ఎక్కించి చూస్తే, అన్నిటికన్నా తక్కువ పురుగులు పట్టింది ఎక్కువ రకాలున్నవాటికి కాదు, మధ్యస్థంగా ఉన్నవాటికి. రకాలు మరీ పెరిగితే సొంత శరీరాన్నే శత్రువనుకునే కణాలు ఎక్కువవుతాయి, వాటిని ఏరిపారేసే క్రమంలో పనికొచ్చేవీ పోతాయి అనేది శాస్త్రవేత్తలు చెప్పే కారణం.

పోనీ 'గట్టి ఇమ్యూనిటీ' ఒకటుంటే అది అన్నిచోట్లా పనిచేస్తుందా అంటే, అదీ లేదు. బాల్టిక్ ప్రాంతపు సాల్మన్ చేపల్లో చాలావరకు ఒక చర్మపు పురుగుతో తరతరాలుగా సర్దుకుపోయాయి. 1970ల్లో మనుషుల పుణ్యమా అని అది నార్వేకి చేరింది. అక్కడి సాల్మన్లు నీరసమైనవేం కాదు. కానీ ఆ పురుగుతో పరిచయం లేదు. సుమారు 50 నదుల్లో సాల్మన్లని ఊడ్చేసింది. చివరికి నదుల్లో మందు కలిపి, చేపలతో సహా చంపి, కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది.

"చేపకీ మనిషికీ పోలికేంటి?" అంటారేమో. నేనూ అదే అంటాను. చేపల్ని చూసి ఎవరూ మందులు మార్చుకోకూడదు. నా గొడవల్లా ఆ లాజిక్ తోనే. "ఇమ్యూనిటీ అనేది ఒక స్కోరు, పెరిగేకొద్దీ మంచిది, ఎవల్యూషన్ సాక్షి" అన్నారు కదా. ఆ సాక్షిని బోనెక్కిస్తే మీకు వ్యతిరేకంగా చెప్తోంది. ఇమ్యూనిటీ స్కోరు కాదు, బేరం. ఏ శత్రువుతో, ఏ చోట, ఎంత ఖర్చుకి అన్నదాన్ని బట్టి మారే బేరం.

ఇది మనకి తెలియనిదా? ఫైర్‌వాల్‌లో అన్నిటికీ 'డినై' అని రాసి పడేస్తే హ్యాకర్ రాడు నిజమే, కస్టమరూ రాడు. ఆ మాత్రం సర్వర్ విషయంలో ఒప్పుకునేవాళ్ళం, ఒంటి విషయానికొచ్చేసరికి డబ్బా మీద 'బూస్టర్' అని కనపడగానే బుర్ర ఇంట్లో పెట్టి వస్తాం. పైగా చదువుకున్నవాళ్ళం కదా, దానికి సైన్సు పేరు కూడా తగిలిస్తాం. పిన్ని మాటని అక్క ఎప్పుడైనా కాదనగలదు. సైన్సు వేషం వేసుకొచ్చిన మాటని కాదనడమే కష్టం.

ఆ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది, సగం ఖాళీగా. పిన్ని నొచ్చుకుంటుందని అక్క పారెయ్యనివ్వలేదు. మాత్రలు మాత్రం ఇప్పుడు రోజూ టైముకి వేసుకుంటోంది, వాట్సాప్‌లో నేను గుర్తుచేస్తున్నా. ఈసారి పిన్ని వచ్చినప్పుడు ఈ చేప కథ చెప్తాను, ఆవిడకి అర్థమవుతుంది. మా టీమ్ ఆయన సంగతే అనుమానం.