పొద్దున పలికిన నోరు సాయంత్రం పలకకపోతే అది నాటకమా?

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, కొంచెం కోపంగా కూడా. ఓపిగ్గా చదవండి.

మన సభ్యుల్లో ఒక పెద్దాయనకు మోటార్ న్యూరాన్ జబ్బు ఉన్న సంగతి చాలామందికి తెలుసు. పేరు రాయను, అవసరం లేదు. ఆయన గురించి మన మధ్య తిరుగుతున్న మాటలు మూడు. ఒకటి: "పొద్దున ఫోనులో బాగానే మాట్లాడినాడే, సాయంత్రం సభలో ఏమి నాటకం?" రెండు: "మనసులో ధైర్యం లేదు, గట్టిగా ప్రయత్నం చేస్తే మాట వస్తుంది." మూడు: "ఇకమీదట పిలవకుండా ఉండడమే ఆయనకు మర్యాద." ఈ మూడు మాటలూ తప్పు. మూడోది తప్పు మాత్రమే కాదు, పాపం.

మొదట జబ్బు సంగతి. మెదడు నుంచి వెన్నుపాముకూ, అక్కడి నుంచి కండకూ ఆజ్ఞ మోసుకుపోయే నరాల కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోవడమే ఈ జబ్బు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో 1869లోనే దీన్ని వివరించినారు. కొందరికి చేతిలో మొదలవుతుంది, కొందరికి కాలిలో. సుమారు నలుగురిలో ఒకరికి నాలుక, గొంతు దగ్గరే మొదలవుతుంది. ఎక్కడ మొదలైనా, చాలామందికి ఏదో ఒక దశలో మాట దెబ్బ తింటుంది. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. రిలుజోల్ అనే మందు 1995 నుంచి ఉంది, అది జబ్బు నడకను కొంచెం నెమ్మది చేస్తుంది, అంతే.

మన ఊరి పేరుతోనే ఈ జబ్బులో ఒక రకం ఉంది, తెలుసా? 1970లో మద్రాసు వైద్యులు చిన్న వయసువాళ్ళలో చూసి రాసినారు. దాన్ని ఇప్పటికీ మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్ అనే అంటారు. ముఖం, నాలుక బలహీనపడతాయి, చెవి కూడా వినపడదు. నడక మాత్రం నెమ్మది. కాబట్టి ఇది ఎక్కడో సీమ దేశపు జబ్బు అనుకోవద్దు.

ఇప్పుడు ఆ "నాటకం" మాటకు వస్తాను. పదిమంది చేసే పని నలుగురి మీద పడితే ఏమవుతుంది? పొద్దున పని జరుగుతుంది. మధ్యాహ్నానికి చేతులు లేవవు. ఇక్కడ జరిగేది అదే. కొన్ని నరాలు పోయినప్పుడు మిగిలిన నరాలు పోయినవాటి కండను కూడా తామే మోస్తాయి. మనకు మాట్లాడడానికి ఉన్న బలంలో కొంచెమే ఖర్చవుతుంది, మిగతాది నిల్వలో ఉంటుంది. ఆయనకు ఆ నిల్వ లేదు. మామూలు మాటకే ఉన్నదంతా పెట్టాల. పైగా మాట అంటే నాలుక ఒక్కటే కాదు. పెదవులు, అంగిలి, గొంతు, రొమ్ములో ఊపిరి, అన్నీ ఒకేసారి నడవాల. అంగిలి అలసిపోయి పైకి లేవకపోతే గాలి ముక్కులోకి పోతుంది. అప్పుడు "బాబు" అన్నది "మాము" లాగ వినపడుతుంది. "డ" పలికితే "ణ" లాగ ఉంటుంది. నాలుక పైకి మడవలేకపోతే మన ళ, ణ రెండూ కరిగిపోతాయి. ఊపిరి చాలకపోతే వాక్యం చివర గొంతు ఆరిపోతుంది.

విశ్రాంతి తీసుకుంటే ఆ రోజుకు కొంత తిరిగి వస్తుంది. అందుకే మధ్యాహ్నం పడుకొని లేచినాక బాగా పలికిన మనిషి, రాత్రి తొమ్మిదికి పలకలేరు. అది నాటకం కాదు, జబ్బు గుణం.

ఇంక ఒత్తిడి. కొంతమంది "టెన్షన్ పడి పడి ఈ జబ్బు తెచ్చుకున్నాడు" అంటున్నారు. ఒత్తిడి వల్ల ఈ జబ్బు వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. అయితే వచ్చిన జబ్బులో మాటను ఒత్తిడి ఇంకా పాడు చేస్తుంది. పై నరాలు పోయినవాళ్ళకు కండరాలు ముందే బిగుసుకొని ఉంటాయి. భయం, సిగ్గు, తొందర, కోపం, ఏది వచ్చినా ఇంకా బిగుసుకుంటాయి. ఊపిరి పైపైనే ఆడుతుంది. మాట గొంతులో నలిగి వస్తుంది. మైకు చేతికిచ్చి, మూడు వందల మంది ముందర నిలబెట్టి, పక్కన ఒకరు వాచీ చూస్తూ ఉంటే ఏ మాట వస్తుంది? ధైర్యం చెప్పే పేరుతో మనమే ఆయన గొంతు నొక్కుతున్నాము.

"గట్టిగా ప్రయత్నం చెయ్యి, నాలుకకు కసరత్తు చెయ్యి" అనే వాళ్ళకు ఒక మాట. పక్షవాతం తరువాత చేయించే కసరత్తు వేరు, ఇది వేరు. ఇక్కడ బలవంతంగా రుద్దితే అలసట పెరుగుతుంది, ఉన్న మాట కూడా ఆ పూటకు పోతుంది. ఉన్న బలాన్ని పొదుపుగా వాడుకోమనే మాటల చికిత్సకులు చెప్తారు.

ఇంకొకటి. ఈ జబ్బులో కొందరికి తమ ఇష్టం లేకుండానే ఏడుపో నవ్వో పొంగుతుంది. అది చూసి "మతి పోయింది" అనేస్తారు. కొంతమందికి ఆలోచన కూడా దెబ్బ తింటుందన్న మాట నిజమే. కానీ ఏడుపు దానికి గుర్తు కాదు, మాట తడబడడం అసలే కాదు. స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, 21 ఏళ్ళ వయసులో ఈ జబ్బు అని చెప్పినారు. 1985లో గొంతుకు ఆపరేషను జరిగి మాట పూర్తిగా పోయింది. ఆ తరువాతే లోకమంతా చదివిన పుస్తకం పూర్తి చేసినారు. 2018 దాకా బతికినారు. అందరికీ అన్ని ఏళ్ళు దొరకవు, అది నిజం. కానీ మాట పోతే మనిషి పోయినట్టు కాదని తెలుసుకోవడానికి ఆయన ఒక్కరు చాలు.

కమిటీవాళ్ళు చెప్పే జవాబు నాకు తెలుసు: "సభలో టైము ఎక్కడ ఉంది?" అయ్యా, వచ్చిన ప్రతి ముఖ్య అతిథికీ అరగంట ఇస్తాము. తెలుగు తల్లి భాష, తెలుగు చచ్చిపోతున్నది, ఈ తమిళనాట మన పిల్లలకు తెలుగు నేర్పాల అని గంటలు గంటలు మాట్లాడుతాము. నేను చదివింది తమిళ మీడియం. ఇంట్లో విన్న తెలుగే నాకు ఆస్తి, అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కొని నేర్చుకున్నాను. కాబట్టి అడిగే హక్కు నాకు ఉందనుకుంటున్నాను: తెలుగు మాట కోసం పెట్టుకున్న సంఘంలో, ఒక తెలుగు మనిషి మాట కష్టంగా వస్తున్నదని ఆయన్ను పిలవడం మానేస్తే, మనం కాపాడేది ఏ తెలుగు? పలకడం సగం, వినడం సగం. ఆయన సగం ఆయన ఇంకా చేస్తున్నారు. మన సగం మనం మానేసినాము.

కోపం చాలు. చేయవలసినవి చెప్తాను.

పలకరించడానికి పోయేవాళ్ళు ముందు ఇంటికి ఫోను చేసి, ఆయనకు ఏ వేళ బాగుంటుందో అడిగి పోండి. పదిమంది ఒకేసారి పోవద్దు. టీవీ, ఫ్యాను సద్దు తగ్గించి, ఎదురుగా కూర్చొని ముఖం చూస్తూ వినండి. వాక్యం మీరు పూర్తి చేయవద్దు. అర్థం కాకపోతే తల ఊపి నటించకుండా, అర్థమైనంత వరకు తిరిగి చెప్పి మిగిలింది అడగండి. అవును, కాదు అని చెప్పగలిగేటట్టు ప్రశ్న వేయండి. ఆయన పక్కనే ఉండగా అక్కను "ఈయన ఏమంటున్నాడు?" అని అడగవద్దు.

సంఘం చేయవలసింది: మాట కొంచెం బాగున్నప్పుడే ఆయన గొంతును రికార్డు చేసి పెట్టడానికి సాయం చేయాల, తరువాత చేద్దామంటే కుదరదు. అక్షరాల అట్ట ఒకటి తెలుగులోనూ తమిళంలోనూ రాయించి ఇవ్వాల. తెలుగులో టైపు చేస్తే చదివే సౌకర్యం మామూలు ఫోనులోనే ఉంది. మన కుర్రవాళ్ళు ఒక గంట కూర్చుంటే నేర్పగలరు. 2016 వికలాంగుల చట్టంలోని 21 రకాలలో మాట వైకల్యమూ ఉంది, కదలిక వైకల్యమూ ఉంది. సర్టిఫికెట్టు కోసం ఒకరు తోడు పోవాల.

ఒక హెచ్చరిక కూడా. ఎవరికైనా మాట ఉన్నట్టుండి తడబడితే అలసట అని కూర్చోవద్దు, అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆస్పత్రికి పోవాల. సాయంత్రానికి మాట ముద్దగా కావడం మయస్తీనియా అనే ఇంకొక జబ్బులోనూ ఉంటుంది, దానికి మంచి మందులున్నాయి. ఏది ఏదో నరాల డాక్టరు చెప్పాల, మన వెనక వరస కాదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు పొద్దున లేస్తూనే తలనొప్పి, పడుకుంటే ఆయాసం వస్తే ఊపిరి బలహీనపడుతున్నదేమో చూపించాల. రాత్రి పెట్టుకునే ఊపిరి మిషను చాలామందికి ఆయుస్సు పెంచుతుంది.

వచ్చే జనరల్ బాడీలో నేను పెట్టబోయే తీర్మానం ఇది: ఆయన పేరు ఆహ్వానాల పట్టీలోంచి తీయకూడదు. ఆయన వచ్చేటట్టయితే సభ పొద్దున పది గంటలకు పెట్టాల. ఆయన చెప్పదలచుకున్నది ముందే రాసిస్తే ఒకరు చదవాల, తానే చెప్తానంటే ఎంతసేపైనా వినాల, మైకు లాక్కోకూడదు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అక్కడికి వచ్చి లేచి నిలబడి చెప్పండి. టీ దగ్గర గుసగుసలు వద్దు.