తెలుగులో చెప్పని ఇంగ్లీషు వ్యాకరణం

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల భర్తీకి 1975లో ఏర్పడి, 1977లో ప్రస్తుత నామధేయం పొందిన స్టాఫ్ సెలెక్షన్ కమిషన్‌కు రాయ్‌పూర్‌లో ఉపప్రాంతీయ కార్యాలయం ఉన్నది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు దాని పరిధిలోనివి. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయింది. 1959లో భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి కొలిమి రాజుకున్నది. రైల్వేలను, ఉక్కును నమ్ముకుని అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ పరీక్షలకు కూర్చుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ప్రశ్నపత్రంలో ఇంగ్లీషు వ్యాకరణం. ఇదీ వారి పరిస్థితి.

ఆ వ్యాకరణం విలువ తక్కువేమీ కాదు. పట్టభద్రుల స్థాయి పరీక్ష రెండవ అంచెలో, 2022లో ప్రవేశపెట్టిన పద్ధతి ప్రకారం, ప్రతిభా క్రమాన్ని నిర్ణయించే 390 మార్కులలో 135 ఇంగ్లీషువే. ప్రశ్నలు 45. సరైన జవాబుకు మూడు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. అర మార్కు తేడాతో జాబితా తారుమారయ్యే చోట ఒక్క క్రియాపదం కొలువును నిర్ణయించగలదు. 2023 నుంచి కొన్ని పరీక్షలను తెలుగు సహా 13 ప్రాంతీయ భాషలలో కూడా నిర్వహించడం హర్షణీయమే. అయితే ఆ వెసులుబాటు ఇంగ్లీషు విభాగానికి వర్తించదు, వర్తించే వీలూ లేదు. లోపం ప్రశ్నలో కాదు, బోధనలో ఉన్నది.

వార్తా సంస్థలు పంపే ఇంగ్లీషు కథనాలను తెలుగు చేసే మా వంటి వారికి ఈ చిక్కు నిత్యానుభవం. ‘నష్టాలు ప్రకటించిన కంపెనీలలో ఇది ఒకటి’ అనే అర్థం గల ఇంగ్లీషు వాక్యాన్నే తీసుకుందాం. ‘ప్రకటించిన’ అనే చోట ‘హాజ్’ రావాలా, ‘హావ్’ రావాలా? ‘ఒకటి’ని చూసి అభ్యర్థి ఏకవచనం వైపు మొగ్గుతాడు, మార్కు పోగొట్టుకుంటాడు. తెలుగు వాక్యాన్ని పక్కన పెట్టుకుంటే గుట్టు విడిపోతుంది. ‘ప్రకటించిన’ అనే విశేషణం ‘కంపెనీల’ ముందు నిలిచింది గాని ‘ఒకటి’ ముందు కాదు. ప్రకటించినవి అనేకం. కనుక ‘హావ్’. అదే ‘కంపెనీలలో నష్టం ప్రకటించినది ఇదొక్కటే’ అన్నప్పుడు ఆ పని ఒక్కదానిది, కనుక ‘హాజ్’. ఇంగ్లీషు దాచిన సంబంధాన్ని తెలుగు పదక్రమం బయటపెడుతున్నది.

కొన్ని చోట్ల మన భాషే దారి తప్పిస్తుంది. ‘వారిలో ప్రతి ఒక్కరూ వచ్చారు’ అంటాము, క్రియ బహువచనం. ఇంగ్లీషులో ‘ఈచ్’ వెంట ఏకవచనమే రావాలి. ‘రాకపోతే’ అన్న మాటలో వ్యతిరేకార్థం కంటికి కనిపిస్తుంది. ‘అన్‌లెస్’లో అది దాగి ఉన్నందున అభ్యర్థి మరొక ‘నాట్’ తగిలిస్తాడు. ‘ధరలు తగ్గుతాయని మంత్రి చెప్పారు’ అన్నప్పుడు మంత్రి నోట వచ్చిన కాలాన్ని మనం మార్చము. ఇంగ్లీషులో ‘విల్’ కాస్తా ‘వుడ్’ అవుతుంది. ‘చూశాను’ అనే ఒక్క రూపంతో తెలుగు సరిపెట్టుకునే చోట ఇంగ్లీషు రెండు రూపాలు వాడుతుంది. ‘నిన్న’ అనే మాట ఉంటే ‘హావ్’ పనికిరాదు. హిందీకి ‘దేఖా’, ‘దేఖా హై’ అని రెండూ ఉన్నాయి. కనుక హిందీ ఆధారంగా చెప్పిన పాఠం తెలుగులో ఆలోచించే పిల్లవానికి సగమే అందుతుంది. (ఇంగ్లీషును మక్కికి మక్కి దించబోయి ‘చెప్పబడింది’, ‘నిర్ణయించబడింది’ అంటూ మా పత్రికల వారు తెలుగుకు చేసిన అపకారం వేరే కథ.)

అన్ని నియమాలూ ఇంత న్యాయమైనవి కావన్నది నిజం. ఇద్దరికి ‘ఈచ్ అదర్’, అంతకు మించితే ‘వన్ అనదర్’ అనే విభజనకు ఆధారం లేదని ఫౌలర్ 1926లోనే తన వాడుక నిఘంటువులో తోసిపుచ్చాడు. పోటీ పరీక్షల పుస్తకాలు మాత్రం దానిని ఇప్పటికీ వల్లె వేయిస్తున్నాయి. పండితులే అంగీకరించని నియమంపై ప్రశ్న వేసి మార్కు కోయడం సమంజసం కాదు. అటువంటి వాటిని ప్రశ్నల జాబితా నుంచే తొలగించాలి.

కంపెనీ పాలన కాలంలో పరీక్ష ఎదురు దిశలో జరిగేది. 1812లో మద్రాసులో నెలకొన్న సెయింట్ జార్జి కోట కళాశాలలో ఇంగ్లీషు యువ ఉద్యోగులు తెలుగు వంటి దేశభాషలు నేర్చి పరీక్ష నెగ్గవలసి వచ్చేది. వారి కోసం క్యాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించాడు. తరువాత 1840లో బ్రౌన్ మరొకటి రచించాడు. రెండూ తెలుగును ఇంగ్లీషులో వివరించినవే. దొరలకు తమ మాతృభాషలో పాఠం దొరికింది. మన పిల్లలకు మాత్రం రెన్ అండ్ మార్టిన్ పుస్తకం చేతిలో పెట్టి, ఇంగ్లీషును ఇంగ్లీషులోనే కంఠస్థం చేయమంటున్నాము.

పాఠ్యగ్రంథాల కోసం 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. పోటీ పరీక్షల ఇంగ్లీషుకు తెలుగుతో పోల్చి చెప్పే వ్యాకరణాన్ని తయారు చేయించడం ఉభయ రాష్ట్రాల అకాడమీలకు తలకు మించిన పని కాదు. అది హైదరాబాద్, విజయవాడ దుకాణాలకే పరిమితం కాకుండా రాయ్‌పూర్, భిలాయ్‌లకు కూడా చేరాలి. తెలుగు మాట వచ్చి లిపి రాని పిల్లల కోసం అందులోని తెలుగు వాక్యాలను నాగరి లిపిలో అచ్చు వేసినా అభ్యంతరం ఉండనక్కరలేదు.