తాగుడు మానాలంటే కూసునే జాగ దొరకాలె

ఈసారి పత్తి ధర గురించి కాదు, పత్తి పైసలు ఏడికి పోతున్నయో దాని గురించి రాస్తున్న. కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతోని చదువుండ్రి.

మన బోథ్ దిక్కు సోయా, పత్తి అమ్మిన పైసలు చేతికి వచ్చే దినాలే తాగుడు పెరిగే దినాలు. అప్పు తీరకముందే బెల్టు షాపుల ఖాతా తీరుతది. మానిపిచ్చెతందుకు మనకు తెలిసినయి మూడే: ఇంట్ల ఒట్టు పెట్టిచ్చుడు, గ్రామాభివృద్ధి కమిటీల జరిమానా ఏసుడు, అయ్యప్ప మాల ఏపిచ్చుడు. ఒట్టు వారం ఆగదు. జరిమానా కట్టినోడు ఆ బాధకు ఇంక ఎక్కువ తాగుతడు. మాల మాత్రం 41 రోజులు పని చేస్తది. ఎందుకు చేస్తదో ఆలోచన చేసిండ్రా?

దేవుని మీద భయం, భక్తి ఉన్నయి, కాదంటలేను. కానీ ఇంకోటి సుత ఉన్నది. పొద్దుగాల స్నానం కలిసి, భజన కలిసి, బిక్ష కలిసి. పక్కపొంటి ఇంకో స్వామి ఉంటడు. మాల తీసిన తెల్లారి ఆ సోపతి ఉండదు, పాత సోపతి ఎదురైతది. అందుకే నేననేది, మనిషికి తాగొద్దని చెప్పేటోల్లు తక్కువ లేరు, తాగకుండ కలిసి కూసునేటోల్లే లేరు.

ఈ సంగతి 1935ల అమెరికాల ఇద్దరు తాగుబోతులకు అర్థమైంది. బిల్ విల్సన్ షేర్ల యాపారి. తాగుడు మానిన కొన్ని నెలలకు పని మీద ఆక్రాన్ అనే ఊరికి పోయిండు. పని చెడింది, మల్ల తాగాలనిపిచ్చింది. బారుల జొరబడకుండ, మాట్లాడెతందుకు ఇంకో తాగుబోతు దొరుకుతడా అని ఫోన్లు చేసిండు. అట్ల దొరికినోడు బాబ్ స్మిత్ అనే డాక్టరు. ఆ ఇద్దరితోనే ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. ఏఏ అంటరు. ఇయ్యాల మన హైదరాబాద్‌ల సుత వాళ్ల మీటింగులున్నయి. ఫీజు లేదు, పూర్తి పేరు చెప్పే పని లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. మాట్లాడకున్నా ఏమనరు, ఇని రావచ్చు.

అయితే ఒక్క మీటింగుకు పోయి "అది మనకు పడదు" అని ఇంట్ల కూసునుడు తప్పంట. ఒక్క దుకాణం చూసి విత్తనం కొంటమా? మూడు నాలుగు జాగలు చూడాలె. నా లెక్క ప్రకారం చూసుకునేటివి ఇవి. ఒకటి, మన భాషల మాట్లాడుతున్నరా. రెండు, నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు సుత పోయి రాగలిగే దూరమేనా. మూడు, సొంతూర్ల సిగ్గైతే పక్క మండలమే నయం. నాలుగు, ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా. ఓపెన్ అంటే ఇంటోల్లు సుత పోవచ్చు, క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నోల్లకే. దినం, టైము మారుతుంటయి కాబట్టి ఫోన్ చేసి అడిగినంకనే బస్సెక్కాలె. దూరం పోలేనోల్లు ఫోన్ల జరిగే మీటింగుల కూసోవచ్చు. ఎన్ని చూసినా, రెండో వారం సుత పోవాలనిపిచ్చేదే మనకు సరైన మీటింగు.

ఒక జాగ్రత్త. ఏండ్ల తరబడి దినాం తాగేటోడు ఒక్కసారి బందు పెడితే రెండు మూడు దినాలల్ల వణుకు, ఫిట్స్, మతి తప్పుడు రావచ్చు, పానం మీదికి సుత వస్తది. 2015ల కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు కల్లు దొరకక మనుషులు ఎట్లయిండ్రో యాదికున్నదా? అందుకే ముందు దవాఖాన, తర్వాత మీటింగు. మనకు ఆదిలాబాద్ రిమ్స్ ఉన్నది. తెల్వకుండ అన్నంల మందు కలుపుడు మాత్రం అసలే చెయ్యద్దు. దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రమాదమైతది. ఏడికి పోవాల్నో తెల్వకపోతే 14446కు చెయ్యండ్రి, అది మత్తు మానేటోల్ల కోసం సర్కారు పెట్టిన ఉచిత నంబరు. మనసు బాగలేకపోతే 14416, టెలీ మానస్, తెలుగుల మాట్లాడుతరు.

ఇగ మన వంతు. మీటింగుకు పోయొచ్చినోన్ని "ఏం బావా, సన్యాసం తీసుకున్నవా" అని ఎక్కిరియ్యద్దు. దావత్ల "ఒక్క పెగ్గే కదా" అని బలవంతం పెట్టద్దు. ఆయన పోయే దినం ఎడ్లకు మేత, మోటరు పని పక్కోల్లం చూసుకుందాం. గ్రామాభివృద్ధి కమిటీ పెద్దలకు నా మనవి: జరిమానా పైసలల్లకెల్లి మీటింగుకు పోయేటోనికి బస్సు కిరాయి ఇయ్యండ్రి. ఊరి పైసకు అంతకంటె మంచి కర్సు లేదు.

ఏఏ లెక్క ప్రకారం తాగుడు మానాలనుకునేటోల్లు ఇద్దరు ముగ్గురు కలిసి కూసున్నా అది ఒక గ్రూపే. అంటే బోథ్‌ల సుత పెట్టుకోవచ్చు. మానినోల్లు మన మండలంల ఉన్నరు, వాళ్లే ముందు నడవాలె. ఈసారి పత్తి పైసలు చేతికి రాకముందే ఆ ఇద్దరు ఒకల్లనొకలు కలుసుకోవాలని నా కోరిక.