బంగారమా? కంచమా?

సంయుక్త అరబ్బు ఎమిరేట్లలోని దుబాయి నగరమున 2013వ సంవత్సరపు రంజాను మాసమందు ప్రభుత్వమువారొక వింత బహుమానమును ప్రకటించిరి. కనీసము 2 కిలోల బరువు తగ్గినవారికి, తగ్గిన కిలోకు 1 గ్రాము చొప్పున బంగారము! ఆ దేశమే 2017లో సోడా పానీయములపై 50 శాతము, ఉత్తేజక పానీయములపై 100 శాతము పన్ను విధించి, 2019లో ఇతర తీపి పానీయములకును పన్నును విస్తరించెను. ఒక చేత బంగారము, ఒక చేత పన్ను. ఇంత ప్రయాస యేల?

కారణము మన దీవికిని క్రొత్తది కాదు. మన తాతలు ఎండలో చెఱకు నఱికిరి. గిన్నెడు అన్నము వారి శ్రమకు చాలకుండెను. మనుమలు కుర్చీలలో కూర్చుండి, ఆ గిన్నెడు అన్నమునకు నేతిని, తీపిని జోడించి భుజించుచున్నారు. దుబాయిలో ఇటుకలు మోయు కరీంనగరు కూలికిని, చల్లని గదిలో లెక్కలు వ్రాయు గుమాస్తాకును ఒకే కంచము తగునా?

దేహము ఖర్చుచేయుదానికన్న అధికముగా తినిన, మిగులు క్రొవ్వుగా నిలువయగును. తక్కువ తినిన, ఆ నిలువ కరగును. పిండి పదార్థములును మాంసకృత్తులును గ్రాముకు 4 కెలరీల చొప్పునను, క్రొవ్వు 9 చొప్పునను శక్తి నిచ్చును. కొందఱు అన్నమును, కొందఱు నేతిని నిందింతురు. అమెరికాలోని స్టాన్‌ఫర్డు పండితులు 609 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు క్రొవ్వును, మఱియొక జట్టుకు పిండిని తగ్గించి, ఏడాది పరిశీలించి, 2018లో ఫలితమును వెల్లడించిరి. రెండు జట్లును ఇంచుమించు సమానముగనే బరువు తగ్గెను. కావున ఏ పదార్థముపైనను పగ వలదు. మొత్తముపై లెక్క వలయును.

అయినను అన్నియు ఒక్కటి కావు. పప్పు, శనగలు, పెరుగులలోని మాంసకృత్తులు ఆకలిని చాలసేపు అణచి, కండను కాపాడును. 35 గ్రాముల చక్కెర గల పానీయమో, కడుపు నింపకయే 140 కెలరీలను చేర్చును.

బహుమానమునకై తగ్గినవాడు పాత కంచమునకు మరలినచో బరువును మరలివచ్చును. పన్ను అంగడిలోని సీసాను అడ్డగింపవచ్చును గాని, ఇంటిలోని లడ్డూను అడ్డగింపజాలదు. కావున తల్లులారా, కూర్చుండి పనిచేయువారి కంచమున అన్నము ఒక గరిటె తగ్గించి, పప్పును కూరలను హెచ్చింపుడు. ప్రసాదము అరచేతిలో పట్టునంత చాలును, దొన్నెడు వలదు. ఎదుగు పిల్లలకును, కాయకష్టము చేయువారికిని మాత్రము కడుపు మాడ్పకుడు. తాతలది ఆకలి బాధ. మనుమలది మధుమేహ భయము. రెండింటికిని మందు, శ్రమకు తగిన భోజనమే.