పాట అందరిదీ సరే, పాడినోళ్ళ పేరేదీ?

కొంచెం పెద్ద పోస్టే. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

పోయిన నెల కాలేజీ క్యాంటీన్లో మా క్లాసోడు ఫోన్లో ఒక థింసా పాట పెట్టాడు. బీట్ బాగుందని అందరూ రెండోసారి కూడా విన్నారు. అందులో ముందు ఎత్తుకునే గొంతు మా అమ్మది. వెనక అందుకునేది పిన్ని, అత్త. ఇటుకల పండక్కి మా ఊరొచ్చిన ఒకాయన తీసిన వీడియో అది. కింద ఛానల్ పేరుంది, ఎడిటింగ్ చేసినాయన పేరుంది. పాడినోళ్ళ దగ్గర "గిరిజన మహిళలు" అని ఉంది. అంతే. మా అమ్మ పాడిందిరా అని చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. పేరే లేనిచోట నేను చెబితే ఎవరు నమ్ముతారు? నిజం చెప్పాలంటే కొంచెం సిగ్గు కూడా పడ్డాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత పాటల మీద హక్కుల గురించి వెతుకుతుంటే జాక్సన్ ఫైవ్ కథ దొరికింది. మైకేల్ జాక్సన్ చిన్నప్పుడు నలుగురు అన్నలతో కలిసి పాడిన గ్రూపు అది. వాళ్ళది అమెరికాలో గ్యారీ అనే ఊరు. మన విశాఖలాగే ఉక్కు ఊరు. నల్లజాతి కుటుంబం, చిన్న ఇల్లు, తొమ్మిదిమంది పిల్లలు. తండ్రి జో జాక్సన్ ఉక్కు మిల్లులో క్రేన్ ఆపరేటర్. గాజువాక, కూర్మన్నపాలెం చూసిన మనకు ఆ బతుకు గురించి వేరే చెప్పక్కర్లేదు.

1968లో ఊళ్ళోని స్టీల్‌టౌన్ అనే చిన్న కంపెనీ వాళ్ళ మొదటి రికార్డు వేసింది. అది ఆ చుట్టుపక్కలే వినబడింది. తర్వాత మోటౌన్ అనే పెద్ద కంపెనీ తీసుకుంది. దాన్ని పెట్టిన బెర్రీ గోర్డీ కూడా నల్లజాతి ఆయనే. 1969 అక్టోబరులో అక్కడ వేసిన తొలి పాట 'ఐ వాంట్ యూ బ్యాక్'. 1970 జనవరి ఆఖరికి అది అమెరికాలో నంబర్ వన్. అప్పటికి మైకేల్‌కు 11 ఏళ్ళు. ఆ తర్వాతి మూడు పాటలూ నంబర్ వన్నే.

అందరూ చెప్పే కథ ఇంతవరకే. నన్ను పట్టుకున్నది తర్వాతి సంగతి. ఆ పాట రాసింది కంపెనీ మనుషులు. ఏం పాడాలో చెప్పిందీ కంపెనీయే. మా పాటలు మేమే రాసుకుంటామని 1975లో అన్నదమ్ములు బయటికొస్తే, 'జాక్సన్ ఫైవ్' అన్న పేరు కంపెనీ చేతిలోనే ఉండిపోయింది. జాక్సన్ అనేది వాళ్ళ ఇంటిపేరు! అయినా 'ది జాక్సన్స్' అని మార్చుకోవాల్సొచ్చింది. ఒక అన్న, జెర్మెయిన్, కంపెనీలోనే ఆగిపోయాడు.

"కంపెనీ లేకపోతే వాళ్ళెవరికి తెలిసేవారు? వీడియో తీయకపోతే మీ అమ్మ పాట ఎవరు వినేవారు?" అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. సంతకి సరుకు పోవాలంటే జీపు కావాలి. జీపు ఎక్కించినంత మాత్రాన పసుపు జీపువాడిదైపోదు కదా. సంతలో తెలిసిన ఈ లెక్క పాట దగ్గర మర్చిపోతున్నాం.

"థింసా పాట అందరిదీ, ఒకరి పేరెందుకు?" అని ఇంకో మాట. పాట అందరిదే. గొంతు మాత్రం ఆ మనిషిది. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం పాడినవాళ్ళు, వాయించినవాళ్ళు తమ పేరు వేయమని అడగొచ్చు. వంగపండు పాట పాడేటప్పుడు వంగపండు పేరు చెప్తాం. మన అమ్మలకు ఆ మర్యాద ఎందుకుండదు?

అందుకే నేననేది ఒకటే. ఎవరైనా కెమెరా పట్టుకుని ఊరొస్తే తరిమెయ్యొద్దు. పాడినోళ్ళ పేర్లు, తుడుం, మోరి వాయించినోళ్ళ పేర్లు, ఊరు, తెగ, భాష ముందే రాసిచ్చి, ఇవి వేస్తేనే తియ్యండి అనాలి. డబ్బులొస్తే వాటా ఎంతో కాగితం మీద పెట్టించాలి. ఆ కాగితం చదవాల్సింది మనమే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. అమ్మ వేలిముద్ర వేసే చోట ఏం రాసుందో చదివి చెప్పకపోతే నా చదువెందుకు?

ఛానల్ ఆయనకు పేర్లన్నీ రాసి మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు లేదు. నిన్న క్యాంటీన్లో మా క్లాసోడికి మాత్రం చెప్పేశాను, ఆ ముందు గొంతు మా అమ్మదిరా అని. వాడు మళ్ళీ పెట్టి విన్నాడు.

మీ ఊరి పాట ఎక్కడైనా పేరు లేకుండా తిరుగుతుంటే మీరూ అడగండి.

జై ఆదివాసీ.